షోరూంలో 24, రోడ్డు మీద 14: చిన్న కారు మైలేజీ ఎక్కడ పోతోంది? ఎంత వెనక్కి తెచ్చుకోవచ్చు?

కారు కొన్నప్పుడు లీటరుకు 24 కిలోమీటర్లు వస్తుందన్నారు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్లొస్తుంటే 14 దాటడం లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే 'ట్రాఫిక్ సార్' అంటారు. బంకులో కొలత తేడా అని పక్కింటాయన అంటారు. ఇథనాల్ పెట్రోలే కారణమని వాట్సాప్ గ్రూపు తేల్చేస్తుంది. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఈ మూడూ మీ చేతిలో ఉన్నవి కావు. మీ కుడికాలు మాత్రం మీ చేతిలోనే ఉంది.

దాని ప్రభావం తక్కువేమీ కాదు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కడం, ఒక్కసారిగా బ్రేకు వేయడం లాంటి దూకుడు డ్రైవింగ్ వల్ల ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో మైలేజీ 10 నుంచి 40 శాతం వరకు, హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం వరకు తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. దీన్ని మన లెక్కలోకి తెచ్చుకుందాం. మీరు నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారు. మైలేజీ 14 అయితే 71 లీటర్లు పడుతుంది. అదే 17 అయితే 59 లీటర్లు చాలు. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు దాదాపు 1,300 రూపాయలు, ఏడాదికి 15 వేలకు పైగా తేడా.

ముందు ఆ 24 సంగతి

కంపెనీలు ప్రకటించే మైలేజీ ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలు ధ్రువీకరించేది. అబద్ధం కాదు. కాకపోతే అది రోడ్డు మీద తీసింది కాదు. ల్యాబ్‌లో కారు చక్రాలను రోలర్ల మీద ఉంచి, 20 నిమిషాల లోపే ముగిసే ఒక నిర్ణీత పద్ధతిలో నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. ఏసీ ఆపేసి ఉంటుంది. గుంతలు ఉండవు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉండదు, అమీర్‌పేట సాయంత్రం ఆరు గంటలు ఉండదు. రెండు కార్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ నెల ఖర్చు లెక్కకు పనికిరాదు. నగరంలో 24 రావాలని పట్టుబడితే నిరాశే మిగులుతుంది. 14ను 16, 17కు తేవడం మాత్రం చాలామందికి సాధ్యమే.

ఒక్కో బ్రేకు ఖరీదు రూపాయి

మైలేజీ అంతా యాక్సిలరేటర్ దగ్గరే ఉందని అనుకుంటాం. నిజానికి పెట్రోల్ వృథా అయ్యేది బ్రేకు దగ్గర. చిన్న కారు, లోపల ఇద్దరు మనుషులు కలిపి సుమారు వెయ్యి కిలోలు. ఆ బరువును ఆగి ఉన్న చోటు నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగానికి తేవడానికి ఇంజిన్ సుమారు 10 నుంచి 12 మిల్లీలీటర్ల పెట్రోల్ మండిస్తుంది. అంటే రూపాయికి పైనే. మీరు బ్రేకు తొక్కి కారు ఆపగానే ఆ శక్తి మొత్తం బ్రేకు డిస్కుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ కదలాలంటే మళ్లీ రూపాయి.

ఆపీసు దారిలో ఒకవైపే 40 సార్లు ఆగాల్సి వస్తుందనుకోండి. ప్రతిసారీ 40 కిలోమీటర్ల వేగం నుంచే అనుకున్నా ఒక్కో ఆగడానికి 7 మిల్లీలీటర్ల చొప్పున పోతుంది. వాటిలో 15 తప్పించగలిగితే రానూపోనూ రోజుకు 200 మిల్లీలీటర్లు మిగులుతుంది. నెలకు 25 రోజులు వెళ్తే 5 లీటర్లు. ఇందుకోసం మీరు నెమ్మదిగా నడపాల్సిన పని లేదు. ముందుకు చూస్తే చాలు.

చూపు మీ ముందున్న కారు బంపర్ మీద కాకుండా దాని ముందున్న రెండు మూడు బండ్ల మీద ఉండాలి. రెండొందల మీటర్ల దూరంలో సిగ్నల్ ఎరుపు కనిపించిందంటే అక్కడిదాకా యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లి బ్రేకు వేయడంలో అర్థం లేదు. అప్పుడే కాలు తీసేయండి. కారు దానంతటదే వేగం తగ్గించుకుంటూ వెళ్తుంది. చాలాసార్లు మీరు చేరేలోపే పచ్చ లైటు పడుతుంది, పూర్తిగా ఆగే అవసరమే రాదు. సగం వేగంతో కదులుతున్న కారును మళ్లీ పరుగెత్తించడానికి పట్టే పెట్రోల్, ఆగిన కారును కదిలించడానికి పట్టేదానికంటే బాగా తక్కువ. స్పీడ్ బ్రేకర్ల దగ్గరా ఇదే పద్ధతి.

'మన ఊళ్లో ముందు ఖాళీ వదిలితే ఆటో దూరుతుంది కదా' అంటారా? దూరుతుంది. దూరనివ్వండి. మీకు పోయేది మూడు సెకన్లు. హారన్ కొడుతూ మిమ్మల్ని దాటిపోయిన కారు తర్వాతి సిగ్నల్ దగ్గర మీ పక్కనే ఆగి ఉండటం మీరు రోజూ చూస్తున్నదే.

బయలుదేరేటప్పుడు మరీ నత్తనడక కూడా అక్కర్లేదు. ఓ మోస్తరుగా యాక్సిలరేటర్ ఇచ్చి, ఇంజిన్ 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యకు రాగానే పై గేరుకు మారడం పొదుపు. రెండో గేరులోనే 40 దాకా లాగితే ఇంజిన్ అరుస్తుంది, పెట్రోల్ తాగుతుంది. అలాగని 25 వేగంలో నాలుగో గేరు వేసి ఇంజిన్‌ను గింజుకునేలా చేయడమూ మంచిది కాదు. కారు వణికినట్టు అనిపిస్తే ఒక గేరు తగ్గించండి. ఏఎంటీ కారైతే గేర్లు అదే చూసుకుంటుంది. మీరు కాలు కాస్త తేలిగ్గా ఉంచితే అది త్వరగా పై గేరుకు వెళ్తుంది.

దిగుడులో న్యూట్రల్ వేస్తే ఆదా అవుతుందా?

అవ్వదు, పైగా ప్రమాదం. ఇది కార్బ్యురేటర్ల కాలం నాటి నమ్మకం. ఇప్పటి పెట్రోల్ కార్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉండి యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేస్తే, ఇంజిన్ వేగం ఒక స్థాయికి పైన ఉన్నంతసేపూ కంప్యూటర్ పెట్రోల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ వేశారంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోల్ ఇవ్వాల్సి వస్తుంది. అంటే ఆదా అనుకుని చేసిన పని ఎదురు ఖర్చు పెడుతుంది.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లలో అయితే ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు. భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజిన్ కూడా ఆపేసే మహానుభావులున్నారు. అప్పుడు పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేకు బండలా బిగుసుకుంటుంది. దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి కాలు తీసేయండి. భద్రతకూ అదే మేలు, పెట్రోల్‌కూ అదే మేలు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా?

నిలబడి ఉన్న చిన్న కారు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఏసీ వేసి ఉంటే పై అంకెకు దగ్గరగా. 90 సెకన్ల సిగ్నల్‌కు 12 నుంచి 25 మిల్లీలీటర్లు. మళ్లీ స్టార్ట్ చేయడానికే ఎక్కువ పెట్రోల్ పడుతుందన్న మాట ఇప్పటి కార్లకు వర్తించదు. 10 సెకన్లకు మించి ఆగితే ఇంజిన్ ఆపడమే లాభమని అమెరికాలో జరిగిన పరీక్షల్లో తేలింది. ఢిల్లీ ప్రభుత్వం 2020లో కాలుష్యం తగ్గించడానికి 'రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్' అంటూ ప్రచారమే నడిపింది.

మన నగరాల్లో ఆచరణకు ఒక సూత్రం పెట్టుకోవచ్చు. సిగ్నల్‌పై అంకెలు 30కి పైన కనిపిస్తే ఆపండి, 5 దగ్గరకు రాగానే స్టార్ట్ చేయండి. అంకెలు లేని చోట, ఫ్లైఓవర్ ఎక్కుడు మీద, మెల్లగా కదులుతున్న వరుసలో వద్దు. బ్యాటరీ బలహీనంగా ఉంటే ముందు అది మార్పించుకోండి. కారులోనే ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉంటే, చిరాకుగా ఉందని దాన్ని ఆపేసే బటన్ నొక్కకండి.

ఏసీకి మీటరు కిలోమీటర్లలో కాదు, గంటల్లో

మే నెల విజయవాడలో ఏసీ లేకుండా నడపమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. కారు ఎంత దూరం వెళ్లిందన్నదానితో ఏసీకి సంబంధం లేదు, ఎంతసేపు నడిచిందన్నదే లెక్క. 15 కిలోమీటర్లు అరగంటలో వెళ్తే అరగంట ఏసీ, జామ్‌లో చిక్కి గంటన్నర పడితే మూడు రెట్ల ఏసీ. అందుకే బెంజ్ సర్కిల్ దాటే సమయాన్ని అరగంట ముందుకో వెనక్కో జరపగలిగితే, మిగతా చిట్కాలన్నీ కలిపి ఇచ్చినంత ఫలితం ఆ ఒక్క మార్పే ఇవ్వొచ్చు.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీని ఫుల్‌లో పెట్టకండి. ఒక నిమిషం అద్దాలు దించి లోపలి వేడి గాలిని పోనివ్వండి. తర్వాత ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. తక్కువ వేగంలో వాతావరణం అనుకూలిస్తే అద్దాలు దించుకోవచ్చు. హైవే మీద అద్దాలు దించితే గాలి నిరోధం పెరుగుతుంది, అక్కడ ఏసీయే నయం.

ఓఆర్‌ఆర్ ఎక్కాక

హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద మొదటి రెండు లేన్లలో గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. అది పరిమితే తప్ప లక్ష్యం కాదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే గాలి నెట్టే బలం దాదాపు రెట్టింపవుతుంది. వ్యాగన్ఆర్ లాగా నిటారుగా ఉండే చిన్న కార్లకు ఈ దెబ్బ ఎక్కువ. 45 నుంచి 55 మధ్య వేగం అత్యంత పొదుపు అని కేంద్ర పెట్రోలియం శాఖ కింద పనిచేసే పీసీఆర్‌ఏ ఎప్పటి నుంచో చెబుతోంది. ఓఆర్‌ఆర్ మీద అంత నెమ్మదిగా వెళ్లడం కుదరదు గానీ, మూడు, నాలుగు లేన్లలో 80 దగ్గర నిలకడగా సాగితే తేడా ఆ ట్యాంకులోనే కనిపిస్తుంది. పైన ఖాళీ క్యారియర్ ఉంటే విప్పి ఇంట్లో పెట్టండి.

మిగతావి త్వరగా: డిక్కీలో ప్రతి 50 కిలోల అనవసర బరువుకు సుమారు ఒక శాతం పోతుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు నెలకోసారి చూపించుకోండి. ఒక్కో పీఎస్‌ఐ తగ్గుదలకు పోయేది 0.2 శాతమే అయినా టైరు మన్నిక కూడా దానితోనే ముడిపడి ఉంది. పైగా బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన. నైట్రోజన్ నింపితే మైలేజీ పెరగదు. క్లచ్ మీద కాలు ఆనించి నడపొద్దు. ఉదయం ఇంజిన్ వేడెక్కాలని ఐదు నిమిషాలు నిలబెట్టొద్దు, స్టార్ట్ చేసి మెల్లగా కదలండి. మైలేజీ పెంచుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే అయస్కాంతాలు, ప్లగ్గులు కొనకండి. అలాంటివి వందకు పైగా పరీక్షించిన అమెరికా పర్యావరణ సంస్థకు పనికొచ్చినవి బహు కొద్ది. మీ కారు మాన్యువల్ అడగనప్పుడు ఖరీదైన ప్రీమియం పెట్రోల్ కూడా అవసరం లేదు.

ఇథనాల్ వాటా ఎంత?

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, 10 శాతం మిశ్రమానికి రూపొందించి 20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. పాత కారులో 16 వచ్చేది 15 అయిందంటే ఇది కారణం కావచ్చు. 16 వచ్చేది 12 అయితే వేరే చోట వెతకాలి.

కొలిచాకే నమ్మండి

డ్యాష్‌బోర్డు చూపించే సగటు కాస్త ఆశాజనకంగానే ఉంటుంది. నాజిల్ దానంతటదే ఆగేదాకా ఫుల్ ట్యాంక్ చేయించి, ఓడోమీటర్ అంకెను ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ తర్వాత పైపైన నింపించొద్దు. తిరిగాక అదే బంకులో, మళ్లీ ఆటో కట్ దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ. ఒక్క ట్యాంకుతో తేల్చుకోకండి, కనీసం మూడింటి సగటు తీయండి. మొదటి మూడు మీ పాత పద్ధతిలోనే నడిపితే, తర్వాతి మూడింటితో పోల్చుకోవచ్చు.

అలవాట్లు మార్చినా, సర్వీసింగ్ సరిగ్గా ఉన్నా అంకె పడిపోతూ ఉంటే అప్పుడు బంకును అనుమానించొచ్చు. అడగడానికి మొహమాటం వద్దు. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులో ఉండాలి. మీ ముందే అందులో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు. అంతకు మించి తగ్గినా, కొలిచి చూపడానికి నిరాకరించినా బిల్లు దగ్గర పెట్టుకుని, బంకు పేరు, పంపు నంబరు, సమయం రాసుకుని తూనికలు, కొలతల శాఖకు, సంబంధిత ఆయిల్ కంపెనీకి ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా తీసుకుంటారు.