బోధనాభాష – యుద్ధం – రాజ్యం: ఒక పల్లెబడి పంతులు పరిశీలన

మన దగ్గర విద్యను గురించి ఎంత చర్చ జరిగినా అది చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది: ఏ భాషలో చెప్పాలి? పండితులు, విద్యావేత్తలు, రచయితలు దీన్ని శాస్త్రచర్చగా సాగించారు. పిల్లవాడి మనోవికాసం, జాతి సంస్కృతి, ఉద్యోగావకాశాలు అంటూ ఎవరి వాదం వారు వినిపించారు. కాని చరిత్రను కొంచెం నిదానంగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. తెలంగాణ పల్లెబడిలో బోధనాభాష మారిన ప్రతిసారీ ఆ మార్పును తెచ్చింది చర్చ కాదు. రాజ్యం మారింది, లేదా రాజ్యం అవసరం మారింది. ఆ వెంట బడి మారింది. చర్చలో గెలిచిన వాదం వల్ల కాక, గెలిచినవాడి అవసరం వల్ల బోధనాభాష నిర్ణయమైంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి నేను పుట్టి పెరిగిన ప్రాంతాన్నే ఆధారంగా తీసుకుంటున్నాను.

మాది ఆత్మకూర్ (ఎస్) మండలం. ఆ బ్రాకెట్లోని 'ఎస్' సూర్యాపేటకు గుర్తు. మోత్కూరు దగ్గరి ఆత్మకూరు (ఎం) వేరు. 2016 దాకా మేం నల్లగొండ జిల్లాలో ఉన్నాం. ఇప్పుడు సూర్యాపేటే జిల్లా. మా తాత ఇనుప పెట్టెలో రెండు కాయితాలుండేవి. ఒకటి లెవీ ధాన్యం కొలిచినందుకు ఇచ్చిన రసీదు, ఉర్దూలో ఉండేది. రెండోది 'సంగం' చీటీ, తెలుగులో ఉండేది. మొదటిదాన్ని ఆయన చనిపోయేదాకా చదవలేకపోయాడు. రెండోదాన్ని రాత్రిబడిలో దీపం ముందు కూర్చుని కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాడు. చిన్నప్పుడు ఆ కాయితాలు నాకు ముసలాయన చాదస్తంగానే కనిపించాయి. తెలుగు ఎం.ఏ. చదివి, పంతులునై, పిల్లలకు సమాసాలు చెప్పడం మొదలుపెట్టాక గాని వాటి అర్థం నాకు బోధపడలేదు. రైతుకు చదువు రాకపోవడం అంటే పద్యం రాకపోవడం కాదు. తన పేరున ఎంత భూమి ఉన్నదో, తాను ఎన్ని బస్తాలు కొలిచినట్టు రాశారో తెలుసుకోలేకపోవడం.

నిజాం రాజ్యంలో 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. ప్రజల్లో దాదాపు సగంమంది తెలుగువారు, నాలుగోవంతు మరాఠీలు, తర్వాత కన్నడిగులు. ప్రాథమిక తరగతుల్లో తెలుగుకు కొంత చోటున్నా, పైచదువుకు పోవాలంటే ఉర్దూ తప్పదు. సొంతంగా బడి పెట్టుకుందామంటే సర్కారు అనుమతి కావాలి. ఆ అనుమతి రావడం గగనం. సభ జరుపుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అడ్డం. ఈ పరిస్థితుల్లో, 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమందికి చేరలేదంటే ఆశ్చర్యపడవలసిందేమీ లేదు.

అయితే ఇక్కడ మనం ఒక తొందరపాటు చేయకూడదు. 1917 ఫర్మానాతో ఏర్పడి, మరుసటి సంవత్సరం ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక విధంగా ప్రగతిశీలమైన ప్రయోగమే. ఇంగ్లీషు తప్ప మరో భాషలో విశ్వవిద్యాలయ విద్య సాధ్యం కాదని వలస పాలకులు నమ్మిస్తున్న కాలంలో, వైద్యం, ఇంజనీరింగు సహా ఒక భారతీయ భాషలో చెప్పవచ్చునని అది నిరూపించింది. దాని అనువాద సంస్థ దారుల్ తర్జుమా వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. మరి లోపం ఎక్కడ? మాతృభాషావాదాన్ని అంగీకరించిన రాజ్యం, అది ఎవరి మాతృభాష అన్న ప్రశ్నను మాత్రం వేసుకోలేదు. సూత్రం సరైనదే. ఆ సూత్రాన్ని అమలు జరిపిన అధికారం మాత్రం ప్రజలది కాదు.

తెలుగువారి ప్రతిఘటన ఒక అవమానంలోంచి మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాదులో, మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. అందులో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోలచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. విచిత్రమేమంటే, 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల స్థాపించినప్పుడు ఉస్మానియా గుర్తింపు దొరకలేదు; ఆ ఆడపిల్లల చదువుకు గుర్తింపు ఇచ్చింది పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయమే. తమ రాజ్యంలో తమ భాషలో చదివిన పిల్లలు పరీక్షకు పరాయి రాష్ట్రపు విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. బడి పెట్టుకోనివ్వని చోట గ్రంథాలయమే బడి అయింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో మొదలైన ఆ ఉద్యమం మా ప్రాంతానికీ వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక నడిపాడు. 1928లో సూర్యాపేటలో వామన నాయక్ అధ్యక్షతన గ్రంథాలయ సభ జరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ నాటికి మాతృభాషలో విద్య ప్రధానమైన కోర్కె అయింది.

ఈ మహనీయుల కృషిని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. కాని వర్గదృష్టితో చూస్తే దాని పరిమితి కూడా కనిపిస్తుంది. గ్రంథాలయం మెట్లెక్కినవాడు వకీలు, వర్తకుడు, పట్వారీ కొడుకు, చిన్న భూస్వామి కొడుకు. గొర్లకాపరి, జీతగాడు, వెట్టిమనిషి ఆ మెట్లెక్కలేదు. తెలుగులో చదువు కావాలన్న కోర్కె, చదువు అందరికీ కావాలన్న కోర్కెగా మారడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1941లో మా ప్రాంతానికి దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ ఆ మలుపుకు గుర్తు.

ఆ మలుపులో యుద్ధం పాత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ఐరోపాలో మొదలైంది గాని దాని బరువు సూర్యాపేట తాలూకా రైతు గరిసె మీద పడింది. లెవీ పేరున ధాన్యం పోయింది. దొరల ధాన్యం దాగింది, బీదరైతు ధాన్యం కొలతకు వచ్చింది. అప్పుడు రసీదు చదవడం అవసరమైంది. లెక్క అడగడం అవసరమైంది. రాత్రిబడులు ఆ అవసరంలోంచి పుట్టాయి. అవి పైనుంచి దిగిన విద్యావిధానం కాదు. ఒక ఉపాధ్యాయుడింట్లో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్న నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. తర్వాత ఆయనే 'ప్రజల మనిషి' రాశాడు. మన నవలా చరిత్రలో ఆ పుస్తకాన్ని చర్చించేటప్పుడు, దాని వెనక ఉన్న ఈ చదువు చరిత్రను కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడినుంచి 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ముందు వరసలో ఉన్నాయి. ఈ మధ్యలో, 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం ప్రవేశించింది, నిజాం లొంగిపోయాడు. బడిలో ఉర్దూ పోయింది, తెలుగు వచ్చింది. పాతికేళ్ళుగా సభలు చేసి, మహజర్లు పెట్టుకుని సాధించలేనిది సైన్యం రాకతో జరిగిపోయింది. సంతోషించవలసిన విషయమే. అయితే అదే సమయంలో ఉస్మానియాలో ఏం జరిగిందో చూడాలి. అక్కడ ఉర్దూ స్థానంలోకి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది. ముప్పై ఏళ్ళ అనువాద కృషి అటకెక్కింది. పల్లెబడికి తెలుగు, పైచదువుకు ఇంగ్లీషు అనే రెండంతస్తుల ఏర్పాటు అప్పుడే స్థిరపడింది. ఉన్నతవిద్యలో తెలుగు కోసం తెలుగు అకాడమి 1968లో గాని ఏర్పడలేదు.

ఇక తెలుగులో చెప్పే పంతుళ్ళేరి? ఉర్దూలో చదువుకున్న స్థానికులు ఒక్క రాత్రిలో పనికిరానివారయ్యారు. తెలుగు, ఇంగ్లీషు వచ్చినవారు మద్రాసు రాష్ట్రపు ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చారు. ఆ నియామకాల మీద అసంతృప్తి 1952లో వరంగల్లులో విద్యార్థి ఉద్యమంగా రాజుకుంది. సెప్టెంబరు 3న హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. విద్యార్థుల ప్రాణాలు పోయాయి. అదే సంవత్సరం ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. అక్కడ భాషను రానివ్వనందుకు, ఇక్కడ భాష వచ్చిన తీరుకు. ముల్కీ ఉద్యమాన్ని ఉద్యోగాల తగాదాగా మాత్రమే చూసేవారు ఈ మూలాన్ని విస్మరిస్తున్నారు. యుద్ధం వల్ల బోధనాభాష మారింది, దానివల్ల పంతులు మారాడు, పంతులు మారినందువల్ల రాజకీయం మారింది. 1969లో నెలల తరబడి బడులు, కాలేజీలు మూతపడిన రోజుల వెనక కూడా ఈ గొలుసే ఉంది.

ఇందులో ఉర్దూ మీద ద్వేషానికి తావు లేదని కూడా చెప్పాలి. 1952లో హుజూర్‌నగర్ రైతులు శాసనసభకు ఉప ఎన్నికలో పంపింది ఎవరిని? ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్‌ను. ఉర్దూ రసీదు చదవలేని ప్రజలు ఉర్దూ కవిని తమవాడనుకున్నారు. వారు పోరాడింది భాషతో కాదు, ఆ భాషను తాళంగా వాడుకున్న అధికారంతో.

ఇప్పుడు సాహిత్య విద్యార్థులకు తెలిసిన ఒక కథను గుర్తుచేస్తాను. ఫ్రెంచి రచయిత ఆల్ఫాన్స్ దోదే 1870–71 యుద్ధం నేపథ్యంలో రాసిన 'చివరి పాఠం'. ఆల్సేస్ జర్మనీ వశమైంది. బడిలో ఇక ఫ్రెంచి ఉండదు. ముసలి పంతులు చివరి పాఠం చెపుతాడు. చదివినవారి కళ్ళు చెమరుస్తాయి, నావీ చెమర్చాయి. కాని విమర్శకుడు కన్నీటి దగ్గర ఆగిపోకూడదు. ఆనాటి ఆల్సేస్ పల్లెల్లో అత్యధికులు ఇంట్లో మాట్లాడుకున్నది ఫ్రెంచి కాదు, జర్మను కుటుంబానికి చెందిన ఆల్సేషియన్ మాండలికం. ఓడిన ఫ్రాన్సు రచయితకు గాని, గెలిచిన జర్మనీ ప్రభుత్వానికి గాని పిల్లవాడి ఇంటిమాట లెక్కలోకి రాలేదు. కథ గొప్పదే. ఆ కథలో వినిపించని భాష కూడా ఒకటుంది.

ఆ వినిపించని భాష నా తరగతిగదిలోనూ ఉంది. 1948 తర్వాత మా బడికి వచ్చిన తెలుగు ఏ తెలుగు? అచ్చుపుస్తకపు తెలుగు. ఆ తెలుగు ముందు మా ఊరి పిల్లవాడి మాట తప్పుల కుప్ప. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక అమ్మాయి "మా నాయిన పొద్దుగాల బాయికాడికి పోయిండు" అని రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేసి "మా నాన్న ఉదయాన్నే బావి దగ్గరికి వెళ్ళాడు" అని దిద్దాను. ఆ పిల్ల అడిగింది: "సార్, మా నాయిన పోయిండు గని, వెళ్ళలే." తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది. 1921లో అల్లంపల్లి వారిని చూసి గోల చేసిన సభికుల్లో నేనూ ఒకణ్ణయ్యాను. 2014 తర్వాత వాచకాల్లోకి తెలంగాణ రచయితలు, మన పలుకుబడులు కొన్ని వచ్చిన మాట నిజం. కాని పంతులు చేతిలోని ఎర్రసిరా అంత త్వరగా మారదు.

2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఈసారి సైన్యం రాలేదు, మార్కెట్టు వచ్చింది. మన అభ్యుదయ రచయితల్లో చాలామంది దీన్ని తెలుగుకు మరణశాసనమన్నారు. నేను అంత సులువుగా అనలేకపోతున్నాను. మా బడిలో చదివే పిల్లలు కూలీల పిల్లలు. "మీ పిల్లలు ఇంగ్లీషు బళ్ళ చదివితే తప్పుగాదు, మా పిల్లలు చదివితే తెలుగు సచ్చిపోతదా?" అని ఒక తల్లి నన్నడిగింది. నా కూతురు చదివింది ఇంగ్లీషు మీడియంలోనే. నా దగ్గర జవాబు లేకపోయింది. రెండంతస్తుల ఏర్పాటును పైఅంతస్తులో కూర్చుని సమర్థించడం అభ్యుదయం కాజాలదు. అదే సమయంలో, పంతుళ్ళకు శిక్షణ, పిల్లలకు గ్రంథాలయం సమకూర్చకుండా భాష మార్చినంత మాత్రాన అంతస్తులు కూలవు. తాళం మారుతుంది, తలుపు తెరుచుకోదు.

మరి మన కర్తవ్యం ఏమిటి? బోధనాభాష ఏదైనా మనం వేయవలసిన ప్రశ్నలు మూడు: దీన్ని ఎవరు నిర్ణయించారు? దీనివల్ల ఏ పిల్లవాడు తలుపు బయట మిగిలిపోతున్నాడు? వాడి ఇంటిమాటకు బడిలో గౌరవం ఉందా? ఈ మూడు ప్రశ్నలూ వేయకుండా తెలుగు తెలుగు అని ఆక్రోశించడం, ఇంగ్లీషు ఇంగ్లీషు అని ఆశపెట్టడం, రెండూ ఒకటే. రచయితలుగా మనం చేయగలిగింది ఆ పిల్లవాడి మాటను అచ్చులోకి తేవడం. పంతుళ్ళుగా చేయగలిగింది కొట్టివేసే ముందు ఒక్క క్షణం ఆగడం.

మా తాత చదువుకున్నది ఏ మీడియమో ఆయనకు తెలియదు. సంగం చీటీ మీద తన పేరు తాను చదువుకున్న రోజు తర్వాత పట్వారీ ముందు చేతులు కట్టుకుని నిలబడలేదని మాత్రం ఆయన చెప్పేవాడు. మన విద్యాచర్చలకు కొలబద్ద అది కావాలి.