చిత్తూరు న్యాయవాది – లోక్‌సభాపతి

తిరుపతి నుండి చిత్తూరునకు రైలులో పోవువారు నడుమ పాకాల కూడలిని దాటవలెను. ఈ దారికి ఒక కొనన తిరుచానూరు, మరొక కొనన చిత్తూరు న్యాయస్థానము. మొదటి చోట పుట్టి, రెండవ చోట పేరు గడించి, లోక్‌సభకు అధిపతియైన వారు శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు.

క్రొత్తగా వెలసిన ప్రజాప్రభుత్వమునకు న్యాయము తెలిసినవారి అవసరము మెండు. అమెరికాలో 1789లో కూడిన మొదటి సెనేటులో న్యాయస్థానముల చట్టమును రూపొందించుటకు ముఖ్యముగా పాటుపడిన ఆలివర్ ఎల్స్‌వర్త్ న్యాయవాదియే. మన పార్లమెంటు తొలినాళ్లలో అట్టి బాధ్యతను వహించిన వారిలో అయ్యంగారొకరు.

వారు 1891 ఫిబ్రవరి 4వ తేదీన జన్మించిరి. తిరుపతి దేవస్థానము పాఠశాలలోను, మద్రాసు పచ్చయప్ప కళాశాలలోను, న్యాయకళాశాలలోను చదివిరి. 1912లో గణితోపాధ్యాయులైరి, 1915లో న్యాయవాద వృత్తిలో ప్రవేశించిరి. పూర్వపు తీర్పులన్నియు వారికి కంఠస్థములని ప్రతీతి. సహాయనిరాకరణ కాలమున ఒక యేడు వృత్తిని విడిచిరి. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. వ్యక్తి సత్యాగ్రహములోను, 1942 ఉద్యమములోను చెరసాలకేగిరి.

1948లో ఉపసభాపతియైరి. 1950లో ఏర్పడిన అంచనాల సంఘమునకు తొలి అధ్యక్షులై, ప్రభుత్వ వ్యయమును పరిశీలించు పనికి పూనుకొనిరి. మావలంకరు మరణానంతరము 1956 మార్చి 8న సభాపతి పీఠమెక్కిరి.

అసలు పరీక్ష 1957 డిసెంబరులో వచ్చినది. జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలపై సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు వెచ్చించిన సంగతిని ఫిరోజ్ గాంధీ సభలో లేవనెత్తిరి. ఆర్థికమంత్రికిని, ఆ శాఖ కార్యదర్శికిని నడచిన రహస్య లేఖలను బయటపెట్టిరి. మంత్రి అభ్యంతరము తెల్పిరి. ప్రభుత్వము అయ్యంగారి పక్షమువారిదే. అయినను, దేశభద్రతకు భంగము లేనప్పుడు రహస్యమను పేరిట ఆ లేఖలను సభకు దాచరాదని వారు తీర్పు చెప్పిరి. పిమ్మట న్యాయమూర్తి చాగ్లా విచారణ జరిగినది; 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి కృష్ణమాచారి పదవి వీడిరి.

1962 నుండి 1967 వరకు బీహారు గవర్నరుగా నుండి, 1978 మార్చి 19న అయ్యంగారు కాలధర్మము చెందిరి.

న్యాయస్థానములో సాక్ష్యమును దాచిన పక్షమును న్యాయాధిపతి నమ్మడు. ప్రజల సొమ్మునకు లెక్క చెప్పవలసిన చోటను అదియే ధర్మము. చిత్తూరులో నేర్చిన ఆ పాఠమును ఢిల్లీలో, తమవారి యెదుటనే, మరువకుండుట అయ్యంగారి ఘనత.