ఫిలియా: స్నేహం నుంచి రోగనామం దాకా

ప్రాచీన గ్రీకులకు ‘ఫిలియా’ అంటే స్నేహం, ఆప్యాయత. అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’లో రెండు భాగాలు, ఎనిమిదీ తొమ్మిదీ, దానికే కేటాయించాడు. సమాసాల్లో ఆ మాట ఎక్కువగా ముందే నిలిచేది: జ్ఞానం మీద ప్రేమ ఫిలాసఫీ, మనుషుల మీద ప్రేమ ఫిలాంత్రొపీ. దాన్ని చివరికి చేర్చి వింత ఆకర్షణలకు పేర్లు కట్టింది ఎక్కువగా 19వ శతాబ్దపు యూరప్ వైద్యులే.

వాళ్లకు బాట వేసింది ‘మేనియా’, అంటే ఉన్మాదం. ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ ఆ శతాబ్దం తొలినాళ్లలో ‘మోనోమేనియా’ను ప్రతిపాదించాడు: బుద్ధంతా సవ్యంగానే ఉండి, ఒక్క విషయంలో మాత్రం పట్టు తప్పడం. దొంగతనపు యావ క్లెప్టోమేనియా అయింది, నిప్పు పెట్టే యావ పైరోమేనియా అయింది. పుస్తకాలు పోగేసేవాళ్లూ తప్పించుకోలేదు. ఆంగ్ల రచయిత డిబ్డిన్ 1809లోనే ‘బిబ్లియోమేనియా’ పేరుతో పుస్తకం వేశాడు.

అసలు మలుపు 1886లో వచ్చింది. ఆస్ట్రియా మనోవైద్యుడు క్రాఫ్ట్-ఎబింగ్ ‘సైకోపతియా సెక్సువాలిస్’ ప్రచురించాడు. అసాధారణ లైంగిక వాంఛల గురించి వైద్యులకూ న్యాయమూర్తులకూ ఉద్దేశించిన గ్రంథమది. మామూలు పాఠకులకు అందకూడదని సున్నితమైన భాగాలు లాటిన్‌లో రాశాడు. అయినా జనం ఎగబడి చదివారు. తమ గురించి తామే ఆయనకు ఉత్తరాలు రాశారు, ఆ ఉత్తరాలతో తర్వాతి ముద్రణలు లావెక్కాయి. ఏ పేరూ లేక కుమిలిపోయినవాళ్లకు పేరు దొరకడం ఊరటే. కానీ అదే పేరు వాళ్లను రోగుల జాబితాలోకీ ఎక్కించింది. పిల్లలకు చేటు చేసే వాంఛకు కూడా ఆయన కలం నుంచే ‘పీడోఫిలియా’ అన్న పేరు స్థిరపడింది. స్నేహాన్ని చెప్పే మాట అక్కడ చేరడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఇలాంటి ఆకర్షణలన్నిటికీ కలిపి 1903లో క్రౌస్ అనే పండితుడు ‘పారాఫిలియా’ అనే గొడుగు పదం వాడాడు. 1980లో అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పు దాన్ని అధికారికంగా స్వీకరించి, ‘వక్రత’ అనే పాత ముద్రను పక్కన పెట్టింది. క్లినిక్ బయట మాత్రం ‘ఫిలియా’ ప్రత్యయం మళ్లీ మమకారం వైపు నడిచింది. భూగోళశాస్త్రవేత్త యీ-ఫు తువాన్ 1974లో స్థలాల మీది అనురాగం గురించి ‘టోపోఫిలియా’ రాశాడు. జీవశాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ 1984లో జీవప్రపంచం మీది మమకారం గురించి ‘బయోఫిలియా’ రాశాడు.

2013 నాటి డీఎస్ఎం-5 ఒక గీత గీసింది: ఆకర్షణ అసాధారణమైనంత మాత్రాన అది రుగ్మత కాదు, ఆ మనిషికి బాధో జీవితానికి ఆటంకమో కలిగిస్తేనే, లేదా ఇతరులకు హాని తెస్తేనే రుగ్మత. క్రాఫ్ట్-ఎబింగ్ పుస్తకం వచ్చాక ఈ మాట ఇంత స్పష్టంగా అనడానికి 127 ఏళ్లు పట్టింది.