గంపగుత్త లెక్కలో వెబ్‌సైటు

మా బాపులపాడు, నూజివీడు ప్రాంతంలో మామిడి పంటను అమ్ముకునే పద్ధతులు ప్రధానంగా రెండు. పూత మీదనే తోటను గంపగుత్తగా వ్యాపారికి అప్పగించడం ఒకటి. కాయ కోసి నున్న మార్కెట్టుకు తోలి, ఆనాటి ధర ప్రకారం టన్నుల లెక్కన అమ్ముకోవడం రెండవది. గుత్తకు ఇచ్చిన రైతుకు బయానా ముందే చేతికి వస్తుంది. ఆ తరువాత తేనెమంచు పురుగు పట్టినా, గాలివానకు కాయ రాలినా నష్టం వ్యాపారిది. (ఒప్పందం ప్రకారం అంతే. నష్టం వచ్చిన ఏడు వ్యాపారి తగ్గించమని అడగడమూ, రైతు కాస్తో కూస్తో తగ్గడమూ లోకంలో ఉన్నవే.) మార్కెట్టుకు తోలేవాడు మాత్రం ఆ భయమంతా తానే మోయాలి.

స్వతంత్రంగా వెబ్‌సైట్లు తయారుచేసేవారు తమ పనికి ధర కట్టిన తీరును గమనిస్తే నాకు ఈ తోట బేరమే గుర్తుకు వస్తుంది. అక్కడా ఇంకా పుట్టని వస్తువుకే వెల కట్టాలి. కొన్నేళ్ళు ఆ పని మీదనే బతికినవాణ్ణి గనుక ఈ చరిత్రను కొంత లోపలినుంచే చూశాను.

వెబ్ సాంకేతికతను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని సెర్న్ సంస్థ ప్రకటించినది 1993 ఏప్రిల్ 30న. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. సామాన్యులకు అంతర్జాలాన్ని అందించడం మొదలుపెట్టినది 1995 ఆగస్టు 15న. వృత్తి కొత్తది, దానికి ధరల పట్టిక ఎక్కడుంటుంది? అందుకని అచ్చు రంగం నుంచి అరువు తెచ్చుకున్నారు. పేజ్‌మేకరులో అను ఖతులతో పని చేసే డి.టి.పి. కేంద్రాలవారు పుటకింత అని తీసుకునేవారు. వెబ్‌సైటుకూ అదే లెక్క వచ్చింది. ముఖపుట, మా గురించి, ఉత్పత్తులు, చిత్రాలు, చిరునామా, వెరసి అయిదు పుటలు. ప్రతి పుటనూ చేత్తో రాయవలసిన రోజుల్లో ఇది న్యాయమైన కొలమానమే.

అయితే తెలుగు పుట విషయంలో ఈ కొలమానం మొదటినుంచీ తప్పుతూనే ఉంది. చూసేవారి కంప్యూటరులో మన ఖతి ఉండదు. దాన్ని దింపుకోమని వేడుకోవాలి, లేదా అక్షరాలను బొమ్మగా మార్చి అతికించాలి. ఒక్క వత్తు తప్పు పడితే బొమ్మ మొత్తం మళ్ళీ చేయాలి. ఇంగ్లీషు పుటకూ తెలుగు పుటకూ పుట లెక్క ఒకటే, శ్రమ మాత్రం రెట్టింపు. దేశికాచార్యులుగారి పోతన ఖతి, 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, వీటివల్ల యూనికోడు వాడుకలోకి వచ్చాక ఆ బరువు క్రమంగా తగ్గింది. అంతవరకూ ఆ శ్రమకు ధరలో పద్దు లేదు. తెలుగులో సైటు పెట్టుకుందామని వచ్చినవారిని ఇంగ్లీషుకు మళ్ళించడమే చేసేవాడికి లాభసాటిగా ఉండేది. మన చిన్న వ్యాపారుల తొలి సైట్లు ఇంగ్లీషులో వెలియడానికి మోజుతోపాటు ఈ లెక్కా కారణమేనని నా అభిప్రాయం.

2003లో వర్డ్‌ప్రెస్ వచ్చింది. పుటలు డేటాబేసులోంచి వాటంతట అవే పుడుతున్నప్పుడు పుటకింత అనడంలో అర్థం లేదు. అప్పుడు గంపగుత్త రాజ్యం వచ్చింది. పని మొత్తానికి ఇంత, సగం బయానా, సగం అప్పగించిన తరువాత. ఈ బేరం తోట బేరంలాంటిదే అనిపిస్తుంది గాని ఒక పెద్ద తేడా ఉంది. తోటను గుత్తకిచ్చిన రైతు గాలివానను రప్పించలేడు. వెబ్‌సైటు బేరంలో ఆ గాలివాన వచ్చేది పని ఇచ్చినవాడి దగ్గరినుంచే. నష్టభయాన్ని ఎదుటివాడి నెత్తిన పెట్టినవాడికే ఆ నష్టాన్ని పెంచే అధికారమూ ఉంటుంది. మామిడి ఎగుమతి చేసే పెద్దమనిషి ఒకాయన అయిదు పుటలకు ఒప్పుకుని, పని పూర్తయ్యాక ఏ రోజు ధర ఆ రోజు కనిపించే ఏర్పాటు కావాలన్నాడు. అది వేరే పని అని చెబితే, "ఇంత చిన్నదానికీ డబ్బులేమిటి బాబూ?" అని నొచ్చుకున్నాడు. మిగిలిన సగం నేటికీ రాలేదు.

ఇక గంటల లెక్క. 1999లో మొదలైన ఈలాన్స్‌లో ఎక్కువగా గుత్త బేరాలే నడిచేవి. ఇద్దరు గ్రీకు మిత్రులు 2003లో స్థాపించిన ఓడెస్క్ మాత్రం గంటల కూలినే నమ్ముకుంది. ఎక్కడో ఉన్నవాడు నిజంగా పని చేశాడని ఎలా నమ్మడం? పది నిమిషాలకొకటి చొప్పున పనివాడి తెరపట్టు తీసి యజమానికి చూపించేవారు. దానికి బదులుగా గంటల సొమ్ముకు హామీ ఇచ్చేవారు. కూలి భద్రం, కాని నెత్తిమీద కాపలా. 2013లో విలీనాన్ని ప్రకటించుకున్న ఈ రెండూ 2015లో అప్‌వర్క్ అయ్యాయి. డాలర్లలో తక్కువైన కూలి రూపాయల్లో గౌరవంగానే కనిపించడంతో మనవాళ్ళు చాలామంది అటు వెళ్ళారు. నాకు మాత్రం ఈ లెక్క ఎన్నడూ రుచించలేదు. తొమ్మిది గంటల పనిని మూడు గంటల్లో ముగించగల నేర్పరికి మూడు గంటల కూలే దక్కుతుంది. కృత్రిమ మేధ నిమిషాల్లో పుట కట్టి ఇస్తున్న ఈ రోజుల్లో ఆ అన్యాయం ఇంకా పెరిగింది.

ఎగుమతి పెద్దమనిషి వ్యవహారం తరువాత నా ఒప్పంద పత్రంలో రెండు వాక్యాలు చేర్చాను. మూడు సవరణల వరకు గుత్తలోనే. నాలుగవదాని నుంచి గంటకింత. తెలుగులోనే రాశాను. సంతకం పెట్టే ముందు చాలామంది అక్కడ ఆగి, సవరణ అంటే ఏమిటని అడిగేవారు. ఆ చర్చకు ఒక్కొక్కసారి పూట పట్టేది. ఆ పూటకు మాత్రం నేనెప్పుడూ డబ్బు తీసుకోలేదు.