రైలుకట్ట వెంబడి చెనిక్కాయ నూనె

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా దాటుతుంది. 1890ల్లో ఈ లైను మీటర్‌గేజిగా పడేనాటికి ఇక్కడి ఎర్రనేలల్లో కొర్ర, జొన్న, రాగి, ఆముదం పండేవి. తరవాత్తరవాత చెనిక్కాయ వచ్చి వాటి చోటంతా ఆక్రమించింది. పొలంతోపాటు వంటింటి నూనె కూడా మారిపోయింది.

1565లో తళ్ళికోట యుద్ధం అయ్యాక విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. ఆ కాలపు శాసనాల్లో గానుగల మీద పన్ను మాట కనిపిస్తుంది. నూనె అప్పటికే పన్ను వేయదగ్గ వ్యాపారమన్నమాట. పొయ్యి మీదికి నువ్వుల నూనె, దీపానికి ఆముదం, నల్లరేగడి వైపు కుసుమ నూనె. ఉత్తరాదిన, బెంగాలులో ఆవనూనె రాజ్యమేలుతుంటే మనకు ఆవాలు తాలింపులో చిటపటలాడడానికీ, ఊరగాయలో పిండిగా పడడానికీ మాత్రమే పనికొచ్చాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెనిక్కాయకు ఇక్కడ పెద్ద గిరాకీ తెచ్చింది వంటవాళ్ళు కాదు, ఫ్రాన్సు సబ్బుల ఫ్యాక్టరీలు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో పండిన కాయ పుదుచ్చేరి రేవు మీదుగా మార్సెయ్ పట్టణానికి ఓడలెక్కింది. మన ఓళిగల మీదికీ, వడల మూకుడులోకీ ఆ నూనె తీరిగ్గా వచ్చింది.

ఆవజాతి నూనెతో ఈ ప్రాంతానికి సంబంధమే లేదనుకుంటాం గానీ, ఒక దొడ్డిదారి ఉంది. 1970ల చివర్లో కురియన్ నాయకత్వంలోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) నూనెగింజల రైతులకు సహకార సంఘాలు కట్టడం మొదలుపెట్టింది. అందుకు అమెరికా సోయా నూనెనూ, కెనడా ఆవజాతికే చెందిన రేప్‌సీడ్ నూనెనూ విరాళంగా ఇచ్చాయి. వాటిని ఇక్కడ అమ్మగా వచ్చిన డబ్బు ఆ పథకానికి పెట్టుబడి అయింది. మన రాష్ట్రంలో ‘విజయ’ నూనె అమ్మిన ఆయిల్‌ఫెడ్ ఆ ఉద్యమంలోంచి పుట్టిందే. కెనడా గింజ నూనె సొమ్ము సాయంతో మన కాయకు బేరం కుదర్చాలని చూశారు! 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరవడంతో ఆ బేరం నెగ్గుకురాలేకపోయింది.

ఆ రేప్‌సీడ్ నూనె మంచిదా అంటే, ఏ రకం అని ఎదురు అడగాలి. పాత రకాల్లో ఎరుసిక్ ఆమ్లం నలభై శాతం దాకా ఉండేది. దాన్ని తిన్న ఎలుకల గుండె కండరంలో కొవ్వు పేరుకుంది. కెనడా శాస్త్రవేత్తలు స్టెఫాన్సన్, డౌనీ దాన్ని తగ్గించే రకాల కోసం ఏళ్ళ తరబడి పాటుపడితే 1974లో కొత్త వంగడం వచ్చింది. ఇప్పుడు కనోలాగా అమ్మేదాంట్లో ఎరుసిక్ రెండు శాతం లోపే. ఎలుకల్లో చూసిన హాని మనుషుల్లో రుజువు కాలేదు. మనుషుల్ని చంపింది కల్తీ. 1981లో స్పెయిన్‌లో అనిలిన్ కలిపిన పరిశ్రమల రేప్‌సీడ్ నూనెను వంటనూనెగా అమ్మితే వందలమంది పోయారు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి, ఒళ్ళు నీరుపట్టి అరవైమందికి పైగా చనిపోయారు.

కొవ్వుల లెక్కలో కనోలాదే పైచేయి: సంతృప్త కొవ్వు ఏడు శాతం, ఒమేగా-3 కూడా ఉంది. చెనిక్కాయ నూనెలో సంతృప్త కొవ్వు పద్దెనిమిది, ఇరవై మధ్య, ఒమేగా-3 దాదాపు సున్న. అయినా అందులో సగం దాకా ఉన్నది ఆలివ్ నూనెకు పేరు తెచ్చిన ఒలీక్ ఆమ్లమే. మితంగా వాడితే బెంగపడాల్సింది లేదు. మరిగిన నూనెనే మళ్ళీమళ్ళీ మరిగించే బజ్జీ బండి సంగతి వేరు.

నేను బెంగపడేది బూజు గురించి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిక్కాయ దాణా మీద అనుమానం పడింది. అలా బయటపడిందే అఫ్లటాక్సిన్, కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం. కాయ ఊరే వేళ వాన మొహం చాటేస్తే నేల కాగుతుంది, చెట్టు నీరసిస్తుంది, ఆస్పర్జిల్లస్ బూజు గింజలోకి దూరుతుంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం నేలలో ఇది ఏటా పొంచి ఉండే ప్రమాదం. మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ జిల్లా పొలాల్లో దీని మీద ఏళ్ళుగా పని చేసింది. పీకిన చెట్టు వామి మీద తడిసినా అదే గతి. సమయానికి పీకడం, బాగా ఆరబెట్టడం, పుచ్చు గింజ ఏరేయడం ఖర్చులేని మందులు. కానీ పుచ్చు గింజనూ అమ్ముకోక తప్పని రైతు దాన్నెందుకు పారేస్తాడు? అది చౌకగా నూనె ఆడేవాళ్ళకే చేరుతుంది.

ఇప్పుడు ఊరూరా మళ్ళీ గానుగ నూనె మోజు. ఆ కమ్మదనాన్ని కాదనను. కానీ రిఫైనరీలో క్షారంతో కడిగేటప్పుడు పోయే అఫ్లటాక్సిన్, గానుగ నూనెలో కొంత మిగలొచ్చు. గానుగతను ఎద్దుల్ని చూపిస్తాడు, కొయ్య రోలు చూపిస్తాడు. అందులో పోసే గింజను చూపించమని అడగాలి. విషంలో ఎక్కువ భాగం మాత్రం నూనెలోకి రాదు, నూనె తీయగా మిగిలే చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క పాడి ఆవుల తొట్టిలోకి వెళ్తుంది, అక్కణ్ణించి ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ పరిమితి పెట్టింది. నూనె కొనేవాళ్ళలో చెక్క ఎవరి పశువులకు పోతోందని అడిగేవాళ్ళు అరుదు.