పుస్తకం కాకముందే పురస్కారం

జర్మనీలో రెండేళ్లకోసారి ఇచ్చే ఆల్‌ఫ్రెడ్ డోబ్లిన్ పురస్కారానికి అచ్చయిన పుస్తకం పనికిరాదు. ఇంకా రాస్తున్న నవలనో, పెద్ద కథనో రాతప్రతిగానే పంపాలి. దీన్ని 1979లో జర్మన్ రచయిత గుంటర్ గ్రాస్ నెలకొల్పారు. తన ‘డేర్ బుట్’ నవల మీద వచ్చిన రాబడిలోంచి మూలధనం ఇచ్చారు. పేరు మాత్రం తనది పెట్టుకోలేదు, తాను గురువుగా భావించిన డోబ్లిన్‌ది పెట్టారు.

డోబ్లిన్ బెర్లిన్‌లో నరాల వైద్యుడు. జైలు నుంచి విడుదలైన ఒక కూలీ కథను ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్’ నవలగా 1929లో వెలువరించారు. కథ నడుస్తుండగానే ట్రాము స్టేషన్ల పేర్లు, ప్రకటనలు, వాతావరణ సూచనలు మధ్యలో జొరబడతాయి. నగరమంతా ఒక్కసారిగా మాట్లాడుతున్నట్టుంటుంది. 1933లో డోబ్లిన్ నాజీలకు చిక్కకుండా దేశం విడిచారు. యుద్ధం ముగిశాక తిరిగొస్తే పాఠకులు ఆయన్ని మరిచిపోయారు. 1946లో పూర్తిచేసిన ‘హామ్లెట్’ నవల పదేళ్లపాటు ప్రచురణకర్త కోసం ఎదురుచూసి, 1956లో తూర్పు బెర్లిన్‌లో వెలువడింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

గ్రాస్‌కు మాత్రం అచ్చుకాని రాతే దారి చూపింది. 1958లో ‘గ్రూప్ 47’ రచయితల సమావేశంలో ఆయన ‘టిన్ డ్రమ్’ అధ్యాయాలు చదివి బహుమతి గెలుచుకున్నారు. మరుసటి ఏడాది అచ్చయిన ఆ నవల ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. గురువుకు దక్కనిది, తనకు దక్కినది, రెండూ ఎరిగినవాడు పెట్టిన పురస్కారం ఇది.

ఎంపిక పద్ధతిలోనూ గ్రూప్ 47 ఛాయ కనిపిస్తుంది. తుది వడపోతలో నిలిచినవారు బెర్లిన్‌లో వాన్‌జే సరస్సు ఒడ్డునున్న సాహిత్య భవనానికి వస్తారు. సభలో తమ పుటలు తామే చదువుతారు. చదివినదాని మీద అందరి ఎదుటే చర్చ సాగుతుంది.

తొలి పురస్కారం స్విట్జర్లాండ్ రచయిత గెరోల్డ్ ష్పేత్‌ది. 2009లో యాభై దాటిన వయసులో ఓయ్‌గెన్ రూగె, అప్పటికింకా తొలి నవల అచ్చుకాకుండానే దీన్ని అందుకున్నారు. తూర్పు జర్మనీలోని ఒక కుటుంబపు నాలుగు తరాల కథ అది. 2011లో వెలువడి, ఆ ఏడాదే జర్మన్ పుస్తక పురస్కారం పొందింది. ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌కు చెందిన, నాజీలు వెట్టిచాకిరీకి తరలించిన తన తల్లి జాడ వెతుకుతూ నటాషా వోడిన్ రాసిన రాతప్రతికి 2015లో డోబ్లిన్ పురస్కారం దక్కింది.

పుస్తకం బయటికొచ్చాక మెచ్చుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. రాత సగంలో ఉండగా, ఇది పూర్తవుతుందా అని రాసేవాళ్లకే అనుమానం పుట్టే రోజుల్లో, ముందుకు సాగమని చెప్పేవాళ్లు అరుదు. సొమ్ముతో పాటు ఆ మాటనూ సమయానికి అందించడమే గ్రాస్ చేసిన గొప్ప మేలు. మరణించిన గురువుకు శిష్యుడు ఇంతకన్నా అక్కరకొచ్చే స్మారకం కట్టలేడు.