ఖడ్గము, కలము, త్రాసు: జనరల్ క్లే జీవితము

ఖడ్గము సైనికునికి, కలము అధికారికి, త్రాసు వర్తకునికి గుర్తులు. ఈ మూటిని ఒకే చేయి వరుసగా పట్టుట అరుదు. పట్టినచో ప్రజలకు రెండు ప్రశ్నలు తోచును. ఒకచోట అలవడిన నేర్పు మరియొకచోటికి వెంట వచ్చునా? నేర్పుతోపాటు పక్షపాతము కూడ వచ్చునా? అమెరికా సేనాని లూసియస్ క్లే జీవితము ఈ రెండింటికిని సమాధానము చెప్పును.

క్లే 1898లో జార్జియా రాష్ట్రమందలి మారియెట్టా పట్టణమున జన్మించెను. తండ్రి అమెరికా సెనేటు సభ్యుడు. 1918లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున చదువు ముగించి, క్లే ఇంజనీర్ల దళమున చేరెను. సైనిక ఇంజనీర్లు నదులకు ఆనకట్టలు కట్టుట మనకు క్రొత్త కాదు. ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన కాటన్ దొర అట్టివాడే. క్లేయు రెడ్ నదిపై డెనిసన్ ఆనకట్ట పనిని నడిపెను.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఆయన రణరంగమునకు పోగోరెను. పై అధికారులు వాషింగ్టన్‌లోనే ఉంచిరి. సైన్యమునకు వలసిన ఆయుధములు, వాహనములు, దుస్తులు సమకూర్చు భారము ఆయనపై పడెను. 1944లో ఫ్రాన్సునందలి షెర్‌బోర్గ్ రేవులో సరుకు పేరుకొనిపోగా, జనరల్ ఐసెన్‌హోవర్ ఆయనను పిలిపించెను. కొలది వారములలోనే సరుకు కదలినది. నాలుగు నక్షత్రముల జనరల్ పదవికి ఎదిగిన క్లే యుద్ధమున ఒక్కనాడైనను సేనను నడిపి యుండలేదు. ఆయన విద్య యెల్ల వలసిన వస్తువును వలసిన చోటికి వేళకు చేర్చుటయే.

1945లో ఓడిన జర్మనీని నలుగురు విజేతలు నాలుగు మండలములుగా పంచుకొనిరి. అమెరికా మండలమున క్లే మొదట ఉపగవర్నరు. 1947 మార్చి నుండి సైనిక గవర్నరు. పాలితులకు అధికారమును త్వరగా తిరిగి అప్పగింపవలెనని ఆయన పట్టుదల. సలహాదారులు తొందర వలదన్నను, 1946 జనవరిలోనే గ్రామములందు ఎన్నికలు జరిపించెను.

కాని ఆ సంవత్సరమే ఇంకొక సంగతి జరిగెను. హెస్ రాష్ట్రపు నూతన రాజ్యాంగములో ముఖ్య పరిశ్రమలను ప్రజల పరము చేయు నిబంధన యొకటి యుండెను. దానిపై వేరుగా వోటు తీసికొనవలెనని క్లే కోరెను. నూటికి 72 మంది ఔననిరి. అయినను దాని అమలును ఆయన నిలిపివేసెను. అట్టి నిర్ణయము జర్మనీ యంతటికిని చెందిన ప్రభుత్వము చేయవలసినదని ఆయన చెప్పిన కారణము. వోటును కోరినవాడే వోటు ఫలితమును ఆపెను.

1948 జూన్‌లో పశ్చిమ మండలములందు క్రొత్త నాణెము చెలామణిలోనికి వచ్చినంతనే, సోవియట్ అధికారులు పశ్చిమ బెర్లిన్‌కు రైలు, రోడ్డు, కాలువ మార్గములను మూసివేసిరి. నగరము సోవియట్ మండలము నడుమనున్నది. జనము ఇరువది లక్షలకు పైబడినవారు. సాయుధ వాహనములను పంపి దారి తెరువవలెనని క్లేకు తొలుత తోచెను; వాషింగ్టన్ అంగీకరింపలేదు. అప్పుడు తన పాత విద్యనే ఆశ్రయించి, విమానములను పిలిపించెను. ఆహారము, మందులు, అన్నిటికన్న మిన్నగా బొగ్గు ఆకాశమార్గమున చేరినవి. 1949 మే 12న దిగ్బంధము తొలగెను. సెప్టెంబరు వరకు సాగిన ఈ సరఫరాలో సుమారు 2,77,000 ప్రయాణములలో 23 లక్షల టన్నుల సరుకు దిగెను. నూటికి పైగా ప్రాణములు బలియైనవి. తుపాకి పేలకుండ గెలిచిన ఈ పోరాటమున ముఖ్యాయుధము బొగ్గు బస్తాయే.

ఆ మే నెలలోనే క్లే సైన్యమునుండి విరమించెను. 1950లో రేకు డబ్బాలు తయారుచేయు కాంటినెంటల్ కాన్ కంపెనీకి అధిపతియై 1962 వరకు నడిపెను. ఈ నడుమ ప్రభుత్వము ఆయనను మరల మరల పిలుచుచునే యుండెను. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దేశపు రహదారుల విషయమై ఒక సంఘమును నియమించి, క్లేను అధ్యక్షునిగా చేసెను. అప్పు పత్రములు అమ్మి రోడ్లు వేయవలెనని సంఘము సూచించెను. కాంగ్రెసు ఆ పద్ధతిని త్రోసిపుచ్చి, 1956 శాసనములో పెట్రోలు పన్నును ఆధారము చేసికొనెను. 41,000 మైళ్ళ రహదారుల ఆలోచన మాత్రము నిలిచెను. 1961లో బెర్లిన్ గోడ లేచినప్పుడు అధ్యక్షుడు కెనెడీ ఆయనను తన ప్రతినిధిగా ఆ నగరమునకే పంపెను.

మన దేశమునకు క్లే పేరు తగిలినది 1963లో. అమెరికా విదేశ సహాయమును పరిశీలించుటకు కెనెడీ నియమించిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. ప్రైవేటు పరిశ్రమలతో పోటీపడు ప్రభుత్వ కర్మాగారములకు సహాయము చేయరాదని ఆ సంఘము మార్చి నెలలో నివేదించెను. బొకారోలో ప్రభుత్వ రంగమున ఉక్కు కర్మాగారము నిర్మించుటకు మన ప్రభుత్వము అమెరికా సహాయమును అర్థించియున్న సమయమది. కెనెడీకి సహాయము చేయ నిష్టమే. అమెరికా కాంగ్రెసులోని విముఖతకు ఈ నివేదిక బలమిచ్చెను. ఆ సంవత్సరమే భారతదేశము తన కోరికను ఉపసంహరించుకొనెను. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందము చేసికొనెను. హెస్‌లో నిబంధనను ఆపిన నమ్మకమే పదునేడేండ్లకు బొకారో దారిలో అడ్డు నిలిచినది.

క్లే 1978లో మరణించి వెస్ట్ పాయింట్‌లో సమాధి చేయబడెను. తమ స్వేచ్ఛను కాపాడినవానికి కృతజ్ఞత తెలుపుచు బెర్లిన్ పౌరులు అచట ఒక ఫలకమును ఉంచిరి. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. బొకారో విషయమున మన కలిగిన నొప్పియు న్యాయమైనదే. రెండును ఒకే మనుష్యుని చేతలు.

సేన విడిచి కచేరికి, కచేరి విడిచి కంపెనీకి పోవువాడు తన నేర్పును వెంట గొనిపోవును. దేశములకు అది లాభము. తన తూకపురాళ్ళను కూడ వెంట గొనిపోవును. అట్టివానికి పదవి నిచ్చువారు చేతి నేర్పును మాత్రమే చూచిన చాలదు. ఆ రాళ్ళు ఎవరి అంగడిలో కొన్నవో విచారింపవలెను.